దిష్టికి కట్టిన కలబంద

ఆ శనివారానికి భానుప్రకాశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే నర్సరీ ఊడ్పించాలి, చారల కలబందను తెచ్చి గేటు పక్కన స్టూలు మీద పెట్టాలి, హైదరాబాద్ నుంచి వచ్చే సింధూజ మేడంకు కొబ్బరి బొండం కొట్టించాలి. మిగతాది మొక్కే చూసుకుంటుందని అతని నమ్మకం.

నర్సరీ గద్వాల శివారులో, రాయచూరు రోడ్డు మీద ఉంది. అంతకుముందు భానుప్రకాశ్ ఒక విత్తన పత్తి కంపెనీకి, రైతులతో విత్తనం వేయించే ఆర్గనైజరుగా పనిచేశాడు. రైతులు చేలో పత్తి పూలు చూసుకుంటుంటే ఇతను గట్టు మీది ముళ్ళ మొక్కలను చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు ముదిరి ఉద్యోగం మానేశాడు. ఎక్కడెక్కడి ఎడారి మొక్కలో మోసుకొచ్చి నర్సరీ తెరిచాడు. వచ్చినవాళ్ళు మామిడి అంటు ఉందా అని అడిగేవారు. లేదనేవాడు. జామ? లేదు. మందారం? అదీ లేదు. మరి ఏమున్నాయంటే ఒక్కో కుండీ దగ్గర నిలబెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. వాళ్ళు అంతా విని, మంచినీళ్ళు తాగి, అతని మీద జాలిపడి వెళ్ళిపోయేవారు.

భార్య మాలతి సర్కారు బడిలో లెక్కల టీచరు కాబట్టి ఇల్లు గడుస్తోంది. ఆమె తగువు పెట్టుకునే మనిషి కాదు, గడువు పెట్టే మనిషి. అరుదైన మొక్కలు పెంచేవాళ్ళకు హైదరాబాద్‌లో ఒక సంఘం ఉంది, దానికో పత్రిక ఉంది, సింధూజ ఆ సంఘానికి కార్యదర్శి. మాలతి పెట్టిన షరతు ఇది: సింధూజ వచ్చి చూశాక మొక్క పత్రికలో పడితే నర్సరీ ఉంటుంది. పడకపోతే ఆ స్థలంలో మామిడి అంట్లు వెలుస్తాయి, భానుప్రకాశ్ మళ్ళీ పత్తి చేలకు పోతాడు. ఈ ఒప్పందానికి అతను వెంటనే తలూపాడు, ఎందుకంటే అతని దగ్గర చారల కలబంద ఉంది. మామూలు కలబందలానే పెరిగిన ఆ మొక్క ఆకుల మీద ఏడాది కిందట తెల్లటి చారలు తేలాయి. అలాంటిది దేశంలో ఇంకెవరి దగ్గరా లేదని అతను నమ్మాడు. మనుషులకు చెప్పని కష్టసుఖాలు దానికి చెప్పుకునేవాడు.

శనివారం పొద్దున చూస్తే కుండీలో మట్టి ఉంది, మొక్క లేదు.

వాకిట్లో కూర్చుని పెసర్లు చెరుగుతున్న తల్లి జములమ్మను అడిగాడు. ఆమె చేట ఆపకుండానే జవాబు చెప్పింది. భానుప్రకాశ్ చెల్లెలి మొగుడు వెంకట్రాములు వనపర్తిలో టిఫిన్ సెంటర్ తెరుస్తున్నాడు కదా, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టడానికి కలబంద కావాలని నిన్న సాయంత్రం వచ్చాడట, ఇచ్చి పంపిందట.

"ఇన్ని ఉండంగ అదే దొరికిందా అమ్మా?"

"మంచియి పీకితే నీ మనసు కష్టపడ్తది గద నాయన. అదైతే పాపం తెల్లగ పాలిపోయింది, ఎట్లన్న సచ్చేదే. దిష్టికన్న పనికొస్తదని ఇచ్చిన."

కొడుకు మనసు గురించి ఇంత ఆలోచించిన తల్లిని ఏమని తిడతాడు? వెంకట్రాములుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ప్రారంభం రోజున ఫోన్ ఎత్తే తీరిక ఎవరికుంటుంది? భానుప్రకాశ్ బండి తీశాడు. మేడం వస్తే కూర్చోబెట్టి బొండాలు తాగిస్తూ ఉండమని, రెండో శనివారం కాబట్టి ఇంట్లోనే ఉన్న మాలతితో చెప్పాడు. మొక్క ఏదని ఆమె అడిగింది. వనపర్తిలో ఉందని మాత్రం చెప్పి బండి ఉరికించాడు.

ఎందుకుందో చెప్పలేదు. మాలతి లెక్కల టీచరు కాబట్టి ఉన్నంతలో లెక్క వేసింది. మేడం వచ్చేది హైదరాబాద్ నుంచి. మొక్క ఉన్నది వనపర్తిలో. కొత్తకోట దగ్గర రోడ్డు మళ్ళితే చాలు, గద్వాల దాకా ఆమెను తిప్పడం దేనికి? సింధూజకు ఫోన్ చేసి, మొక్కను వనపర్తిలో పెట్టారనీ, నేరుగా అక్కడికే పోవచ్చనీ చెప్పి, టిఫిన్ సెంటర్ గుర్తులు కూడా పంపింది. మంచి పని చేశానని తృప్తిపడి చపాతీ పిండి కలుపుకుంది.

భానుప్రకాశ్ బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. బస్టాండు వెనక కొత్త కాంప్లెక్సు కట్టారు. వరసగా దుకాణాలన్నీ అదే ముహూర్తానికి తెరుచుకున్నాయి. బోర్డుల మీద గుడ్డలు ఇంకా తియ్యలేదు. ప్రతి గుమ్మానికీ ఒక కలబంద వేళ్ళు పైకి, ఆకులు కిందికి వేలాడుతోంది. ప్రతిదానికీ పసుపు దట్టంగా మెత్తి, కుంకుమ బొట్లు పెట్టారు. చారలు ఉన్నదేదో లేనిదేదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

బావమరది దుకాణం ఏదో తెలియక అతను మొదటి గడప దగ్గరే ఆగాడు. అక్కడి మొక్క తన మొక్కంతే ఉంది. టెంట్ హౌస్ వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి, ఎక్కి, జేబురుమాలుతో ఒక ఆకు తుడవబోయాడు.

"ఎవరన్నా నువ్వు? మా కలబందను ఎందుకు గోకుతున్నవ్?"

అడిగినవాడు జితేందర్, ఆ సెల్‌ఫోన్ల దుకాణం యజమాని. దుకాణం తెరిచిన రోజున ముక్కూమొహం తెలియని మనిషి దిష్టికి కట్టినదాని పసుపు చెరిపితే దాని అర్థమేమిటో వనపర్తిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. క్షణంలో జనం మూగారు. ఎదురు వరసలోని పాత సెల్‌ఫోన్ల దుకాణం వాళ్ళు పంపి ఉంటారని ఒకాయన అన్నాడు. మంత్రించిన నిమ్మకాయ ఉందేమోనని ఇంకొకాయన అతని జేబు తడిమాడు. నిమ్మకాయ దొరకలేదు గానీ కొమ్మలు కత్తిరించే కత్తెర దొరికింది. దాంతో వ్యవహారం ముదిరింది.

భానుప్రకాశ్ కుర్చీ మీద నుంచే అందరికీ వినపడేలా చెప్పుకున్నాడు.

"నీ కలబంద నాకెందుకన్నా. నేను మొక్కల మనిషిని, చూస్తే తెలుస్తది. ఇది యాడనన్న దొరికే మామూలుది. ఊరికె ఇచ్చినా తీసుకపోను. నాది వేరే ఉంది, దాన్ని చూడనీకె హైదరాబాద్ నుంచి మేడం వస్తుంది."

ఈ మాటతో జితేందర్ అనుమానం తీరింది, మనసు మాత్రం నొచ్చుకుంది. శుభమా అని దుకాణం తెరిస్తే గుమ్మానికి కట్టినదాన్ని మామూలుదంటాడా? మిగతా జనం ఆ మాట వదిలేసి చివరి మాట పట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి మేడం వస్తోంది, కలబందలు చూస్తుంది. ఎందుకు చూస్తుంది? మాట కిరాణా కొట్టు దాకా పోయేసరికి దానికి జవాబు పుట్టింది: కట్టిన కలబంద దిష్టి లాగుతోందో లేదో పరీక్ష చేసి చెబుతుందట. మందుల షాపు దగ్గర అది సర్కారు పరీక్ష అయింది. బస్టాండు దాటేసరికి, ఈ పూట చూపించుకోకపోతే మళ్ళీ ఏడాది దాకా రాదన్నారు.

ఇంతలో వెంకట్రాములు చట్నీ గిన్నెతో వచ్చి, ఈయన మా బావ అని చెప్పి విడిపించి తీసుకుపోయాడు. టిఫిన్ సెంటర్ వరసలో చిట్టచివరిది. పొద్దుటి నుంచి తిన్నవాళ్ళంతా చుట్టాలు కావడంతో వెంకట్రాములు దిగులుగా ఉన్నాడు. గుమ్మానికి కట్టినదాన్ని దించమంటే ఒప్పుకోలేదు. ముహూర్తానికి కట్టింది పొద్దు గూకక ముందు దించితే బేరం ఉండదన్నాడు. అసలు బేరం ఎక్కడుందని భానుప్రకాశ్ అడగబోయేంతలో మాలతి ఫోన్ చేసింది. మేడం కొత్తకోట దాటిందట, అక్కడికే వస్తోందట. ఈ పసుపు తోరణంలా ఉన్నదాన్ని ఆమెకు ఏ మొహం పెట్టుకుని చూపించడం?

అతను ఆ ఆలోచనలో ఉండగానే ఒక ముసలామె తడి కలబంద ఒకటి పట్టుకొచ్చి, ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. పసుపు కడిగి తెచ్చింది. ఆమె వెనక టైలరు, అతని వెనక మంగలి షాపాయన, ఆ తర్వాత ఎవరెవరో. కాసేపటికి బల్లలన్నీ నిండి జనం రోడ్డు మీదికి వచ్చారు. వెంకట్రాములు దిగులు ఎగిరిపోయింది.

"కూసోన్రి, మేడం వస్తుంది. అందాక రెండు ఇడ్లీలు తినున్రి."

సింధూజ కారు దిగి ఆ దృశ్యం చూసి నిలబడిపోయింది. ఎన్నో ఊళ్ళు తిరిగింది, ఎందరో మొక్కల పిచ్చివాళ్ళను చూసింది. ఊరు ఊరంతా మొక్కలు ఒళ్ళో పెట్టుకుని తన కోసం ఎదురుచూడటం ఎప్పుడూ ఎరగదు. వనపర్తిలో ఇంత అభిరుచి ఉందని సంఘానికి తెలియదంటూ ఆమె నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఒక్కో మొక్కనూ భూతద్దంతో చూసింది. ఇది ఇంకా పనిచేస్తుందా అని ముసలామె అడిగితే, భేషుగ్గా చేస్తుంది, చాలా గట్టి మొక్క అంది. ముసలామె ఆమెకు దండం పెట్టి ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పింది.

మేడం హోదా కళ్ళారా చూశాక వెంకట్రాములు పట్టు సడలింది. పొద్దు గూకకుండానే గుమ్మానికి కట్టిన మొక్కను దించాడు. భానుప్రకాశ్ దాన్ని బకెట్లో ముంచి, వేలితో మెల్లగా ఆకు ఆకూ కడిగి ఆమెకు అందించాడు. సింధూజ చాలాసేపు చూసింది.

"భానుప్రకాశ్ గారూ, మీ పక్క పొలంలో గడ్డి మందు కొడతారా?"

"పత్తి చేనుందండి. కొడ్తరు."

"ఆ మందు గాలికి వచ్చి తగిలిందండి. చారలు దాని వల్లే. చూడండి, నడుమ వచ్చే కొత్త ఆకులు మామూలుగానే ఉన్నాయి."

ఆ కొత్త ఆకులను భానుప్రకాశ్ రెండు నెలలుగా రోజూ చూస్తున్నాడు. వానలు తగ్గితే వాటికీ చారలు వస్తాయని తనకు తాను చెప్పుకున్నాడు. ఇప్పుడు అతనికి టిఫిన్ సెంటర్ గోడ మీద మామిడి అంట్లు వరసలు వరసలుగా కనబడ్డాయి.

వరసలో చివరివాడు జితేందర్. తన మొక్క మామూలుదని భానుప్రకాశ్ నలుగురిలో తేల్చేశాక వాడు రాకూడదనే అనుకున్నాడు, కానీ అందరూ పరీక్ష చేయించుకుంటుంటే తన దుకాణం ఒక్కటే వెనకబడటం ఇష్టం లేకపోయింది. కడిగి తెచ్చిన మొక్కను సింధూజ చేతికిచ్చాడు. ఆమె భూతద్దం దించకుండా చూసింది. ప్రతి ఆకుకూ మొదలు నుంచి కొస దాకా వెన్నరంగు చార. నడుమ మొలిచే లేత ఆకుకూ చారే, అడుగున పుట్టిన పిలకకూ చారే.

ఎక్కడిదని అడిగితే, వీపనగండ్లలో అత్తగారింటి వెనక పెంటకుప్ప మీదిదని జితేందర్ చెప్పాడు. సింధూజ భానుప్రకాశ్ వైపు తిరిగి, మీరు ఫోన్లో చెప్పింది ఈ మొక్కేనా, పొరపాటున వేరేది చూపించారా అని అడిగింది. అవునని ఒక్క మాట అంటే నర్సరీ నిలబడుతుంది. భానుప్రకాశ్ నోరు తెరిచాడు. జితేందర్ అతని మొహంలోకే చూస్తున్నాడు.

"పొద్దున మామూలుదంటివి గదన్నా. ఊరికె ఇచ్చినా తీసుకపోనంటివి."

"అంటి. నాకు తెల్వక అంటి," అని భానుప్రకాశ్ ఒప్పుకున్నాడు. తర్వాత సిగ్గు విడిచి, దాన్ని తనకివ్వమని బతిమాలాడు. జితేందర్ తల అడ్డంగా ఊపాడు.

"హైదరాబాద్ మేడం గింతసేపు కన్నార్పకుండ చూసిందంటే దీనికి ఎంత దిష్టి గుంజే బలం ఉండాలె. ఇచ్చేదే లేదు."

చెప్పి ఊరుకోలేదు. నేరుగా పోయి, కుర్చీ ఎక్కి, దాన్ని మళ్ళీ తలకిందులుగా కట్టేశాడు. పసుపు గిన్నె అందుకుంటుంటే సింధూజ పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీదే రాజీ కుదిరింది. ఆకులకు కాకుండా వేళ్ళకే పసుపు పుయ్యాలి. భానుప్రకాశ్ ప్రతి శనివారం గద్వాల నుంచి వచ్చి, కుర్చీ ఎక్కి, దానికి నీళ్ళు చిలకరించి బాగోగులు చూడాలి. పిలకను మాత్రం ముట్టకూడదు, అది పక్క దుకాణం గుమ్మానికి కట్టడానికి. ఎవరు సాకితే వాళ్ళ పేరే పత్రికలో వేస్తామని సింధూజ అంది. జితేందర్ అభ్యంతరం చెప్పలేదు, కొత్త బోర్డు కూడా ఫొటోలో పడాలన్నాడు, అంతే. మొక్కకు ఏం పేరు పెడదామని ఆమె అడిగితే భానుప్రకాశ్ తల్లి పేరు చెప్పాడు. గద్వాల దగ్గర కొలువైన అమ్మవారి పేరూ జములమ్మే కావడంతో జితేందర్ చెప్పులు విడిచి దండం పెట్టాడు.

రాత్రి భోజనాల దగ్గర భానుప్రకాశ్ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. మొక్క మన దగ్గర లేదు కాబట్టి ఒప్పందం ప్రకారం రేపే మామిడి అంట్లకు చెబుతానన్నాడు. మాలతి చపాతీ వడ్డిస్తూ ఆలోచించింది.

"పత్రికల పడాలని అన్న. మన తాననే ఉండాలని అనలే గద. ఉండనీ నర్సరీ."

పైనెల పత్రికలో ఫొటో అచ్చయింది. మొక్క తలకిందులుగా ఉందని చదువరులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా, సంఘం వారు విచారం తెలియజేసి, తర్వాతి సంచికలో ఆ ఫొటోను జితేందర్ దుకాణం బోర్డు తలకిందులయ్యేలా సరిచేసి వేశారు.