శాలువాకు దొరకని కంకర మిషన్

పోయిన ఆదివారం ఉదయం పుంగనూరు కల్యాణ మండపంలో, మా సభ మొదలవడానికి ఐదు నిమిషాల ముందు, మైకు వైరు నాలుగు ముక్కలై కనిపించింది!

ఎలుక పని కాదు. కోత నున్నగా ఉంది.

పాఠకులారా, ఇది వైరు మీద దాడి అనుకోకండి. సన్మానం మీద జరిగిన హత్యాయత్నం! సన్మాన సంఘం కార్యదర్శిగా నేను ఊరుకోను.

సన్మానం మనకు దక్కిన వరం. లాఠీ చేయలేని పని శాలువా చేస్తుంది. పెద్దపంజాణిలో రుక్మిణమ్మ నీళ్ళ కోసం ఖాళీ బిందెతో రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. మేం వెళ్ళి 'మహిళా జ్యోతి' బిరుదిచ్చాం. వెంటనే లేచింది! బిందె ఇప్పటికీ ఖాళీయే. కానీ ఫోటో ఎంత బాగా వచ్చిందనుకున్నారు! వి.కోటలో బస్సు రాలేదని రోజూ అరిచే మునెప్పకు రెండు శాలువాలు కప్పాం. ఇప్పుడు చలికాలంలో కూడా వెచ్చగా బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు.

అసలు సంగతికి వస్తాను. 'కంకర మిషన్' ఒక హార్డ్‌కోర్ పంక్ బ్యాండు. తెలియనివారి కోసం చెబుతున్నాను: గిటారు గీకుతారు, డ్రమ్ములు బాదుతారు, గొంతు చించుకుని ఒక కోపం చెప్పి నిమిషంలోపు దిగిపోతారు. బాగుందో లేదో మనం తేల్చుకునేలోగా ఇంకో పాట!

1991లో కుప్పంలో ముగ్గురు కుర్రాళ్ళు దీన్ని మొదలుపెట్టారు. గంగులప్ప పాట, శేఖర్ గిటారు, లక్ష్మీపతి డ్రమ్ములు. 'కొళాయి' అనే పాట నిడివి ముప్పై ఎనిమిది సెకన్లు. రెండేళ్ళు భరించాం. తర్వాత 'స్వర రత్నాలు' అని బిరుదిచ్చి శాలువాలు కప్పాం. అంతే! మరుసటి నెల నుంచి పెళ్ళి రిసెప్షన్లలో, జనం అన్నం తింటుంటే, మెల్లగా మెలొడీలు వాయించసాగారు. చూశారా మహిమ!

ఇప్పుడు, పదమూడేళ్ళ తర్వాత, వాళ్ళకు మళ్ళీ పాత వేగం కావాలట. గంగులప్ప మదనపల్లె టమోటా మండీలో వేలం కేకలు వేస్తాడు. శేఖర్ కుప్పంలో లెక్కల మాస్టారు. లక్ష్మీపతికి పుంగనూరులోనే వెల్డింగ్ షాపు. ముగ్గురికీ నడుం నొప్పి. అయినా పది నిమిషాల్లో పదకొండు పాటలట! ఈ వయసులో కోపమేమిటండీ?

వెంటనే రెండో సన్మానం ప్రకటించాం. పదకొండు మంది వక్తలు.

"ముందు మేము వాయించేస్తామప్పా. శాలువాలు ఆనక కప్పండి," అన్నాడు ఆదివారం ఉదయం మండపంలో గంగులప్ప.

"అట్ల కుదర్దప్పా. ముందు మాటలు, ఆనక పాటలు. అదీ టైముంటే," అన్నాడు మా అధ్యక్షుడు గోవిందస్వామి.

"లక్ష్మీపతి చేతులు ఇప్పుడు వేడి మింద ఉండాయి. మీ మాటలు అయ్యేసరికి వాడు నిద్రపోతాడు."

"పోనీలే. ఫోటోలో కదలకుండా ఉంటాడు."

ఇంతలో వైరు తెగింది. గోవిందస్వామి జంకలేదు. ఉత్త గొంతుతోనే "సభకు నమస్కారం" అన్నాడు. ఆ నమస్కారం రెండో వరుస దాటలేదు.

"యాల నోరు తెరిసి మూస్తాండావప్పా? నీళ్ళు కావాల్నా?" అని మూడో వరుసలోంచి ఒకామె జాలిపడింది.

గంగులప్పకు మైకెందుకు? మండీలో ఈ కొసన అరిస్తే ఆ కొసన లారీలో పడుకున్న డ్రైవరు లేచి కూర్చుంటాడు. "కొళాయి!" అన్నాడు. డ్రమ్ములు దడదడలాడాయి. ముప్పై ఎనిమిది కాదు, ముప్పై అయిదు సెకన్లే! నా చేతిలోని శాలువా మడత విప్పేలోగా నాలుగు పాటలు అయిపోయాయి.

రుక్మిణమ్మ కుర్చీ ఎక్కి, "ఆ కొళాయి పాట ఇంగోసారి ఎయ్యప్పా!" అని కేకలు. బిరుదు పొందిన మనిషి!

నేను విచారణ మొదలుపెట్టాను. గిటారు యాంప్లిఫయర్ వైరు భద్రం. ఫ్యాన్ల వైర్లు భద్రం. తెగింది ఉపన్యాసాల వైరు ఒక్కటే. ఎవరికి లాభం?

చెమట తుడుచుకుంటూ గంగులప్పే నా దగ్గరికి వచ్చాడు.

"కోసింది నేనేనప్పా. మండీలో తాళ్ళు కోసే కత్తితో. కొత్త వైరు తెచ్చిస్తా. మీ మింద నాకు కోపం లేదు. పోయినసారి మీరు శాలువా కప్పితే గుండెలు పొంగిపోయినాయి. ఆ మంచిపేరు పోగొట్టుకోకూడదని మెల్లగా వాయించేది నేర్చుకున్నాం. ఒక్క శాలువాకే పదమూడేండ్లు పోయినాయి. ఇంగొకటి కప్పింటే, కుర్చీలేసుకోని వాయించేవాళ్ళం."