జాగిలానికి నైవేద్యం

సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఒక ఆరంతస్తుల భవనం. అందులో నాలుగో అంతస్తున ఉన్న ధర్మరాజు గారింట్లో ఆదివారం ఉదయం శాంతిభద్రతలకు భంగం కలిగింది. కారణం ఒక స్టీలు గిన్నె.

గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా "వెం.సు." అని చెక్కి ఉంది. అది ధర్మరాజు తల్లి వెంకటసుబ్బమ్మ గారి పేరు. అందులో అప్పుడు పెరుగన్నం తింటున్నది మాత్రం ఒక కుక్క.

"మా అన్నయ్య పెట్టిన గిన్నె! సరిగ్గా నా పేరు మీదే నాలుక వేసి నాకుతోంది చూడు" అంది వెంకటసుబ్బమ్మ.

"పేరు లేని గిన్నె ఏదన్నా ఉంటే తీసివ్వండి అత్తయ్యా, అందులోనే పెడతాను" అంది కోడలు మంగ.

వెంకటసుబ్బమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు వెతికింది. తెలుగువారి వంటింట్లో పేరు లేని గిన్నె దొరకదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. గ్లాసుల మీద మేనమామలు, పళ్ళేల మీద పెదనాన్నలు, పోపు గరిటె మీద ఎవరికీ గుర్తులేని ఒక తోడల్లుడు. ఆమె ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి గిన్నె అద్దంలా మెరుస్తోంది. పనిమనిషి తోమినా అంత మెరవదని ఆమె తర్వాత ఒప్పుకుంది గానీ, ఆ మాట రికార్డుల్లోకి ఎక్కలేదు.

ధర్మరాజు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. పేపరు మడిచి తీర్పు చెప్పాడు: "సదరు కుక్కకు శాశ్వత నివాసం దొరికేంతవరకు సదరు గిన్నెను తాత్కాలిక ప్రాతిపదికన వాడుకొనుటకు అనుమతించడమైనది."

కుక్క తలెత్తి చూసింది. దాన్ని కాపాడిన మూగజీవాల సంస్థవాళ్ళు దానికి రాకెట్ అని పేరు పెట్టారు. కూతురు అమూల్య అలాగే పిలిచింది. మంగ "బాబూ" అని పిలిచింది. అది ఎవరికీ పలకలేదు. ధర్మరాజు నోట రోజుకి పదిసార్లు విన్న "సదరు"కి మాత్రం తోక ఊపుకుంటూ వచ్చేది. చేసేది లేక ఇంటిల్లిపాదీ దాన్ని సదరు అనే పిలవసాగారు.

అది ఆ ఇంటికి వచ్చిన వైనం ఇది. ఊరి బయట ఇచ్ఛాపూర్ దాటాక తాళం వేసిన ఒక ఫాంహౌస్‌లో రెండు కుక్కలు కట్టేసి దొరికాయి. గ్రేహౌండ్ సంకరంలో పుట్టిన అన్నాచెల్లెళ్ళు. ఎవరో మోజుపడి కొనుక్కొచ్చి, ఫొటోలు దిగి, మోజు తీరాక గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. ఇలాంటి కుక్కని ఇంగ్లీషువాళ్ళు లర్చర్ అంటారు. మన పెద్దవాళ్ళయితే జాగిలం అనేవారు. మూగజీవాల సంస్థకి సెలవురోజుల్లో పనిచేసే అమూల్య, అన్నని ఇంటికి తెచ్చింది. చెల్లెలు సంస్థ షెడ్డులోనే ఉంది. ఒప్పందం ఒకటే. మంచి ఇల్లు దొరికేదాకా పెంచాలి, దొరకగానే ఏడవకుండా అప్పజెప్పాలి.

వేటజాతి కనక ఇల్లు ఏమైపోతుందోనని అందరూ భయపడ్డారు. సదరు రోజుకి రెండుసార్లు పార్కింగులో గాలిలా పరిగెత్తి, మిగతా కాలమంతా దివాన్ మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపి నిద్రపోయేది. బల్లిని చూస్తే మంగ వెనక్కి వచ్చి నిలబడేది. మా ఆఫీసులో అయితే దీనికి ఈపాటికి ప్రమోషన్ వచ్చేదన్నాడు ధర్మరాజు.

అన్నీ బాగానే ఉన్నాయి, పక్కటెముకలు తప్ప. అవి కనబడుతున్నాయి.

మొదట చూడటానికి వచ్చిన చీరల వ్యాపారి గోడౌన్ కాపలాకి కుక్క కావాలన్నాడు. సదరు పక్కటెముకల కేసి చూసి, ఆ తర్వాత మంగ కేసి చూసి, "తిండి సరిగా లేనట్టుంది పాపం" అని కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చినావిడ వెళ్తూ వెళ్తూ బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి మంగ చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ గడప దాటి ఆకలితో వెళ్ళిన మనిషి లేడు. వచ్చిన కొరియర్ కుర్రాడికి కూడా మజ్జిగ ఇచ్చి పంపే ఇల్లు. అలాంటి ఇల్లాలికి బిస్కెట్ ప్యాకెట్ దానం! మంగ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చేపోయేటప్పుడల్లా దానికేసి చూసేది.

విషయం భవనమంతా పాకింది. దయగల సొసైటీ కనక వెంటనే పార్కింగులో సర్వసభ్య సమావేశం ఏర్పాటైంది. వాచ్‌మన్ అంబదాస్ కుర్చీలు వేశాడు. నలభై ఏళ్ళుగా బట్టల వ్యాపారంలో ఉన్న చైర్మన్ ఠాకోర్‌భాయ్, హిందీ గుజరాతీ కలిపి ప్రసంగించాడు.

"సూరత్‌లో తినాలి, కాశీలో పోవాలి అన్నారు పెద్దలు. కానీ మన భవనంలో ఒక మూగప్రాణి సూరత్‌లో ఉంటూనే కాశీ దారి పట్టింది. చూడండి ఆ ఎముకలు! తప్పెవరిదని నేననను. మన తెలుగు భాభీ చాలా మంచావిడ. కానీ వాళ్ళు అన్నం తింటారు. అన్నంలో ఏముంటుంది? నీళ్ళు! ఒక జీవి ఆకలితో ఉండగా మనకి ముద్ద ఎలా దిగుతుంది? ఇది కుక్క ప్రశ్న కాదు, మానవత్వం ప్రశ్న!"

రెండో అంతస్తు హంసాబెన్ కళ్ళు తుడుచుకుంది. అంతస్తుకి ఒక రోజు చొప్పున ఆరు రోజులు, ఆదివారం స్వయంగా చైర్మన్ గారింటి నుంచి సదరుకి పళ్ళెం రావాలని చప్పట్ల మధ్య తీర్మానించారు. భవనం నియమాల ప్రకారం సదరుని ఆ రోజు నుంచి శాకాహారిగా ప్రకటించారు. సదరు అభిప్రాయం తీసుకోలేదు. పళ్ళేలన్నీ సాయంత్రం కింద అంబదాస్ దగ్గర పెట్టాలి, మంగ కుక్కని తీసుకొచ్చినప్పుడు అతను పెట్టాలి.

ఈ అంబదాస్‌ది సిరిసిల్ల వైపు పల్లె. ఖటోదరా మిల్లుల్లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసి నేసి, చెవులు సగం పోయాక, మెట్ల కింద గదిలో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇంటింటికీ వంతు వేసుకుని తనకి ఒక పూట తిండి పెట్టగలరా అని పోయినేడు అతనూ కమిటీని అడిగాడు. కమిటీ అతని విన్నపాన్ని ఎంతో సానుభూతితో పరిశీలించి, అలాంటి నిబంధన లేదని తేల్చింది. ఆ రోజూ కుర్చీలు అతనే వేశాడు.

పళ్ళేలు మొదలయ్యాయి. నెయ్యి కారే రొట్టెలు, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ఖమణ్, సన్న కారప్పూస చల్లిన లోచో. మర్నాడు మంగ, అమూల్య సదరుని పశువుల డాక్టరుకి చూపించారు. ఆయన నవ్వాడు. "ఈ జాతి శరీరమే అంత. వెనక మూడు పక్కటెముకలు కనబడాలి. కనబడకపోతేనే జబ్బు. నెయ్యి, మిఠాయి, ఉల్లిపాయ దగ్గరికి రానివ్వకండి."

మంగ ఆ మాట ఠాకోర్‌భాయ్‌కి చేరవేసింది. "డాక్టర్లు నన్ను కూడా నెయ్యి మానమన్నారు భాభీ. వాళ్ళ మాట వింటే బతుకుతామా?" అన్నాడాయన. పెట్టిన పళ్ళెం తిప్పి పంపితే పెట్టినవాళ్ళ పరువు పోతుంది. అన్నం పారేస్తే అత్తగారు ఊరుకోదు. తిన్నదని చెబుదామంటే మంగకి అబద్ధం రాదు.

ఆ సాయంత్రం ఆమె సదరుతో కిందికి దిగేసరికి అంబదాస్ మెట్ల కింద కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తింటున్నాడు. ఉక్కపోతకి చొక్కా విప్పాడు. మంగ చూసింది. డాక్టరు మూడు చాలన్నాడు. ఇక్కడ అన్నీ ఉన్నాయి. పైగా అతను జాగిలం కూడా కాదు.

"అంబదాస్, ఈ పళ్ళెం నువ్వు తినకూడదూ?" అంది.

"కుక్కకు పెట్టింది నేను తింటే చైర్మన్ సాబ్ ఊకుంటడా అమ్మా? రేపు అడుగుతే ఏం జెప్తరు?"

జవాబు నడకకని దిగిన వెంకటసుబ్బమ్మ ఇచ్చింది. "దేవుడికి పెట్టినవన్నీ దేవుడే తింటున్నాడా? ముందు దానికి చూపించు. చూసిందిగా? ఇక ప్రసాదం. ప్రసాదం ఎవరు తింటే ఎవరికేం?"

అంబదాస్ పడీపడీ నవ్వాడు. "గిదేందో మంచిగనే ఉన్నది పెద్దమ్మా! మా ఊళ్ళ పోశమ్మకు కోసిన కోడి పోశమ్మ తిన్నదా, మేమే తింటిమి. గీ దేవునికి జర నెయ్యెక్కువ, గంతే ఫరక్."

ఆనాటి నుంచి నైవేద్యం నియమబద్ధంగా జరిగింది. పళ్ళెం సదరు ముందు పెట్టేవారు. అది ఒకసారి వాసన చూసి, దేవుడంత నిరాసక్తంగా తల తిప్పుకునేది. అంబదాస్ కళ్ళకద్దుకుని తినేవాడు. బాల్కనీలోంచి హంసాబెన్ "తిన్నదా?" అని అడిగితే, మంగ "పెట్టాం హంసాబెన్, పళ్ళెం ఖాళీ" అనేది. అందులో అక్షరం అబద్ధం లేదు. సదరు మాత్రం పైకి వచ్చి, వంటింటి కిటికీ మూసి ఉడికించిన గుడ్డుతో, వెం.సు. గిన్నెలో భోంచేసేది.

ఎంత పెట్టినా సదరు లావెక్కలేదు. దాంతో సొసైటీ దయ పెరిగింది. శరత్పూర్ణిమ మర్నాడు వచ్చే చాందీ పడవో పండక్కి అన్ని అంతస్తుల నుంచీ నేతి మిఠాయి ఘారీలు దిగాయి. చలికాలం వచ్చాక కలగూరల ఉంధియూ గిన్నెలతో వచ్చింది. మూడో అంతస్తువారు దిష్టి తీశారు. ఐదో అంతస్తువారు ధర్మరాజు ఇంటి వాస్తు మీద అనుమానం వ్యక్తం చేశారు.

ఈలోగా అంబదాస్ బుగ్గలు పూడాయి. చొక్కా బొత్తాలు పట్టలేదు. ఆరంతస్తుల్లో ఒక్కరూ గమనించలేదు. ఒక మనిషి లావయ్యాడని తెలియాలంటే, అతను బక్కగా ఉన్నప్పుడు ఒకసారైనా చూసి ఉండాలి కదా. ఠాకోర్‌భాయ్ ఒక్కడే యూనిఫాం బిగుతైనట్టు కనిపెట్టాడు. గుడ్డ ముడుచుకుపోయిందని నిర్ధారించి, మిల్లువాడికి ఫోన్ చేసి చీవాట్లు పెట్టాడు. పాలియెస్టర్ ముడుచుకోదని సూరత్‌లో పుట్టిన పసిపిల్లవాడికి కూడా తెలుసు.

అలాంటి రోజుల్లో నవసారి నుంచి ఫిరోజ్‌షా అనే పార్శీ పెద్దాయన వచ్చాడు. సపోటా తోట ఉంది, చుట్టూ కంచె ఉంది, ఈ జాతి కుక్కల్ని చిన్నప్పటి నుంచి పెంచిన అనుభవం ఉంది. సదరు పక్కన నేల మీదే కూర్చుని, పక్కటెముకలు తడిమి చూసి, "దీన్ని ఎవరు పెంచారు? అచ్చం ఇలాగే ఉండాలి!" అన్నాడు. ఇన్నాళ్ళకి విన్న మొదటి మంచిమాట. మంగ గబగబా లోపలికి వెళ్ళి రెండో కప్పు టీ పెట్టింది. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడాయన.

ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. ఒప్పందం ప్రకారం అమూల్య ఏడవలేదు, స్నానాలగదిలో తప్ప. సొసైటీ సంతోషించి, సోమవారం నుంచి పళ్ళేలు రద్దని ప్రకటించింది.

"మంచి జాగకు పోతుందట గదా, పోనియ్యమ్మా" అన్నాడు అంబదాస్, సదరు చెవులు నిమురుతూ. "దేవుడు ఊరు మారుతుండు. ఇగ నాకు మళ్ళ ఉల్లిగడ్డే ప్రసాదం." అని నవ్వాడు.

మంగ నవ్వలేదు. తిన్నగా చైర్మన్ దగ్గరికెళ్ళి, అలవాటైన పళ్ళేలు అలాగే అంబదాస్‌కి పంపితే ఎలా ఉంటుందని అడిగింది.

ఠాకోర్‌భాయ్ ఓపిగ్గా విన్నాడు. "భాభీ, దయ వేరు, నిబంధన వేరు. జీతం ఇస్తున్నాం కదా. ఇవాళ ఇతనికి పెడితే రేపు లిఫ్టు బాగుచేసేవాడు అడుగుతాడు. అయినా అతనికేం తక్కువ? మొదటి నుంచీ ఇలాగే పుష్టిగా ఉంటాడు!"

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ వేపుడు. సదరు ధర్మరాజు మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఆ ఇంట్లో నిర్ణయాలు ప్రకటించే అధికారం ఇంతవరకు ధర్మరాజుది. ఆరోజు మంగ నెయ్యి వడ్డిస్తూ, ఆయన భాషలోనే ప్రకటించింది.

"సదరు కుక్క ఎక్కడికీ వెళ్ళటం లేదు. పొద్దున్నే ఫిరోజ్‌షా గారితో మాట్లాడాను. షెడ్డులో ఉన్న చెల్లెల్ని తీసుకెళ్తారు. ఆయనకి ఇష్టమే."

అమూల్య ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత తేరుకుని, "అంబదాస్ కోసమేనా అమ్మా? ఆ మాత్రం మనమే పెట్టొచ్చుగా?" అంది.

"ఇన్నేళ్ళూ పెట్టామా?" అంది వెంకటసుబ్బమ్మ.

మంగ నెయ్యి గిన్నె పక్కన పెట్టింది.

"ఇక పెడతాం. కానీ మనం పెడితే మన ఒక్క ఇల్లే పెడుతుంది" అంది మంగ. "కుక్క ఉంటే ఆరంతస్తులూ పెడతాయి. ఈ భవనంలో మనిషికి అన్నం పెట్టడానికి నిబంధన లేదు. కుక్కకి ఉంది."

"అయితే నా గిన్నె నాకు ఇప్పించండి" అంది వెంకటసుబ్బమ్మ. "దానికి వేరే గిన్నె కొని, సదరు అని పేరు కొట్టించండి. మంచి బరువున్నది కొనండి, సత్తుది కాదు."

ధర్మరాజు గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, తాత్కాలికమన్నాక ఒక గడువుండాలి. ఎప్పటివరకు?"

"కమిటీవాళ్ళ కళ్ళకి అంబదాస్ కనబడేదాకా."

ధర్మరాజు కాస్త ఆలోచించి, పెరుగుకి కంచం ముందుకు జరిపాడు.

"అయితే పర్మనెంటే" అన్నాడు.