ప్యాకేజీ పేర్లకు ప్రోటోకాల్

2003 మార్చిలో ఎలక్ట్రానిక్ సిటీ సభలో మంత్రి మునినారాయణప్ప గారు చారిత్రక ప్రకటన చేశారు. బెంగళూరులోని వలస కూలీలందరికీ వంద రోజుల్లో కంప్యూటర్ రేషన్ కార్డులు! చప్పట్లు కొట్టినవాళ్లలో విలేకరినైన నేనూ ఉన్నాను, కదిరి నుంచి వచ్చి ఇటుకలు మోస్తున్న నాగలక్ష్మీ ఉంది. కార్డు లేదని ఆమెకు రేషన్ బియ్యం ఇవ్వడం లేదు. అప్పటికే మూడు అర్జీలు పెట్టుకుంది.

మర్నాడు ప్రోగ్రామర్ సమీనా మంత్రిగారికి పని వివరించింది.

"ప్రోగ్రాములను ప్యాకేజీలనే ఫోల్డర్లలో సర్దుతాం సార్, ఒకదాంట్లో ఒకటి. పేర్లకో పద్ధతుంది. ముందు దేశం, తర్వాత ప్రభుత్వం, తర్వాత శాఖ, చివర పని."

"పెద్దోళ్లు ముందు, చిన్నోళ్లు ఎనక! మన శిలాఫలకం మాదిరే ఉండాది కదప్పా!" అని మంత్రిగారు మురిసిపోయారు. "నా పేరు యాడుండాది?"

"మనుషుల పేర్లు పెట్టరు సార్."

"పెట్టకుండా ప్రారంభోత్సవం ఎట్ల చేస్తావమ్మా?"

సాంకేతిక రంగంలో ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు. శాఖ తర్వాత మంత్రిగారి పేరు చేరింది. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలని సమీనా అంటే ఆయన నొచ్చుకున్నారు.

"మంత్రిని చిన్నక్షరాల్లో రాస్తావా? ఎలక్షన్లు వస్తాండాయి!"

అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ వార్త తెలిసి ఎమ్మెల్యే అలిగారు. ఆయన పేరు చేరిస్తే పార్టీ జిల్లా అధ్యక్షుడు అలిగారు. ఎవరి ఫోల్డర్లో ఎవరుండాలో తేల్చడానికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో ఒక కమిటీ కూర్చుంది. పేరు మారినప్పుడల్లా ప్రోగ్రామంతా సవరించాలని సమీనా మొరపెట్టుకుంటే, శాఖ కార్యదర్శి గారు ఎంతో ముందుచూపుతో ఉత్తర్వు ఇచ్చారు: పేర్లు ఖాయమయ్యేదాకా ఒక్క లైను కూడా రాయరాదు.

సరిగ్గా వందో రోజున ప్రారంభోత్సవం జరిగింది. ప్రభుత్వం మాట తప్పలేదు. తొలి లబ్ధిదారుగా నాగలక్ష్మి వేదికెక్కింది. పెద్ద తెర ముందు మంత్రిగారు మౌస్ నొక్కారు. శాఖ ఫోల్డర్లోంచి ఆయన పేరు తెరుచుకుంది, చప్పట్లు. లోపల ఎమ్మెల్యే, మళ్లీ చప్పట్లు. అలా పదకొండు ఫోల్డర్లు తెరుచుకున్నాయి. పదకొండో దాంట్లో ఏమీ లేదు.

"ఏమమ్మా, ఖాళీగా ఉండాది?"

"పేర్లు నిన్న సాయంత్రమే ఖాయమయ్యాయి సార్," అంది సమీనా.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

"ఖాళీ ఉండాదని ముందే చెప్పకూడదా తల్లీ? అధ్యక్షుడి బావమరిది మూడు నెల్లుగా అలిగి కూర్చోనుండాడు!"

పన్నెండో పేరు అక్కడికక్కడే ఎక్కింది. తర్వాత నాగలక్ష్మి చేతికి తళతళలాడే కార్డు ఇచ్చారు. ఫోటోలు తీశారు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది.

"బియ్యం రేపట్నించే ఇస్తారా సామీ?" అని ఆమె మంత్రిగారి పీఏ మస్తాన్‌ను అడిగింది.

మస్తాన్ ఎంతో మర్యాదగా ఆమె చేతిలోంచి కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"రేపు దేవనహళ్ళిలో గూడా ప్రారంభోత్సవం ఉండాదమ్మా. కార్డు ఇదొకటే ఉండాది."