ఊదా సైకిలు పొంతన కమిటీ

ప్రపంచంలో ఏ రెండు వస్తువులూ వాటంతటవి ఒకదానికొకటి కుదరవు. కుదిరినట్టు కనబడితే అక్కడ తనిఖీ సరిగా జరగలేదని అర్థం. ఈ సత్యాన్ని మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, రెండు కార్లు పట్టే ఒక గరాజ్‌లో, ముగ్గురు సభ్యుల కమిటీ రెండేళ్లు శ్రమించి నిరూపించింది. ఆ కమిటీకి నేను కార్యదర్శిని. (ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి మీటింగ్‌కి లాప్‌టాప్ పట్టుకెళ్లింది నేనొక్కడినే.) కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా మినిట్స్‌లో ఉన్నదే, నా ఒళ్లుమంట తప్ప.

విషయం ఒక సైకిలు. 1989లో తయారైన స్టీలు మౌంటెన్ బైకు, వెలిసిపోయిన ఊదా రంగు, అన్నింటికన్నా చిన్న సైజు. మా వీధి చివర ఒక ముసలి దంపతులు ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే, మా స్నేహితుడు దామోదర్ కూతురు నైనిక దాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. అప్పుడు ఆ పిల్లకి పదకొండేళ్లు. సైకిలుకి బ్రేకులు లేవు, వెనక చక్రం లేదు, సీటు లేదు. ఉన్నదల్లా రంగే.

"నాన్నా, నాకు ఇదే కావాలి. కొత్తది వద్దు. దిస్ వన్."

"రెండు వీకెండ్స్ టైమియ్యి బిడ్డా. రెడీ చేస్తా. ఇద్దరం కలిసి స్టేట్ పార్క్ ట్రైల్ మీద పోదాం," అన్నాడు దామోదర్. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

ఇంకెవరైనా అయితే దాన్ని సైకిలు షాపులో పడేసి వచ్చేవారు. కానీ దామోదర్ ఒక కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. బయటి కంపెనీలు పంపే భాగాలను కొలిచి, బాగాలేవని వెనక్కి పంపడం అతని ఉద్యోగం. పదిహేనేళ్లుగా అదే పని. ఇండియన్ స్టోర్స్‌లో కరివేపాకు కట్ట తీసుకున్నా రెండువైపులా తిప్పి చూసి, ఒకసారి నిట్టూర్చి గానీ బుట్టలో వేయడు.

అతను సలహా కోసం వెళ్లింది ఎవరి దగ్గరికయ్యా అంటే రాజారావు గారి దగ్గరికి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు గేర్‌బాక్సులు డిజైన్ చేసి రిటైరైన పెద్దమనిషి. ఉద్యోగం మానేశారు గానీ ఫారాలు నింపడం మానలేదు. సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ప్రాసెస్ లేకుండా ఒక్క బోల్టు ముట్టుకున్నా నేను ఒప్పుకోను దామోదర్," అన్నారు. ఆ క్షణంలోనే పొంతన కమిటీ ఏర్పడింది. ఆయన అధ్యక్షుడు, దామోదర్ కొలతల అధికారి, నేను లాప్‌టాప్.

నియమాలు నేనే టైప్ చేశాను. ఒకటో నియమం: ఏ భాగమైనా మిగతా అన్ని భాగాలతోనూ కుదురుతుందని ధ్రువీకరించిన తరువాతే సైకిలుకు బిగించవలెను. రెండో నియమం: మిగతా భాగాలు బిగించి ఉంటే తప్ప ధ్రువీకరణ చేయరాదు. (ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నేను టైప్ చేశానన్నాను, చదివానని అనలేదు.)

పాఠకులకు సైకిళ్ల పరిశ్రమ గురించి ఒక మాట చెప్పాలి. కార్ల పరిశ్రమలో ప్రమాణం అంటే అందరూ పాటించేది. సైకిళ్ల పరిశ్రమలో ప్రమాణం అంటే ఆ ఏడాది ఎవరికి ఏది తోస్తే అది. సీటును నిలబెట్టే గొట్టం ఒక్కదానికే ఇరవైకి పైగా సైజులున్నాయి. పక్కపక్క సైజుల మధ్య తేడా చాలాచోట్ల పాయింట్ రెండు మిల్లీమీటర్లు. పెళ్లి పొంతనలో ముప్ఫై ఆరుకి పద్దెనిమిది గుణాలు కలిస్తే పంతులుగారు పాస్ చేసేస్తారు. మా కమిటీలో పాస్ మార్కు నూటికి నూరు. అందుకే మేం ఏడు సీటు గొట్టాలు తెప్పించి ఆరు తిప్పి పంపాం.

ప్రతి శనివారం ఉదయం పది గంటలకు దామోదర్ గరాజ్‌లో మీటింగు. దామోదర్ భార్య రాధారాణి గారు ఫిల్టర్ కాఫీ ఇచ్చేవారు. నైనిక టార్చి పట్టుకుని నిలబడేది. మొదటి మూడు వారాలూ పెడళ్ల ఇరుసు పట్టే గిన్నెతోనే గడిచిపోయాయి. కుడివైపు గిన్నెను బిగించబోతే ఊడి వస్తోంది, ఊడదీయబోతే బిగుసుకుంటోంది. రాజారావు గారు దాన్ని "తయారీ లోపం" అని నమోదు చేయించి, ముప్ఫై అయిదేళ్ల కిందటి ఆ కంపెనీకి ఉత్తరం రాయాలన్నారు.

"అంకుల్, ఆ సైడ్ రివర్స్‌లో తిప్పాలి," అంది నైనిక. "యూట్యూబ్‌లో చూశాను."

"యూట్యూబ్ అప్రూవ్డ్ సోర్స్ కాదమ్మా."

నాలుగో వారం ఉత్తరం తిరిగొచ్చింది. కంపెనీయే లేదట. అప్పుడు గిన్నెను రివర్స్‌లో తిప్పాం. (మినిట్స్‌లో: "కమిటీ లోతైన అధ్యయనం అనంతరం...")

తరువాత బ్రేకుల సంగతి. రాధారాణి గారు రెండేళ్లలో కమిటీని కోరింది ఒక్కటే: "ఏవండీ, మిగతావి మీ ఇష్టం. బ్రేకులు మాత్రం గట్టిగా పడాలి." సరే, కొత్త రకం బ్రేకులు తెప్పించాం. వాటికి కేబుల్ ఎక్కువ లాగాలి, హ్యాండిల్ మీది పాత పిడులతో చాలదు. కొత్త పిడులు తెప్పించాం. వాటికి గేర్ల మీటలు అతికి ఉన్నాయి, విడదీయడానికి వీల్లేదు. ఆ మీటలు ఎనిమిది గేర్లవి. ఎనిమిది గేర్ల చక్రం తెప్పించాం. దాని ఇరుసు వెడల్పు నూట ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు. మన సైకిలు చట్రంలో వెనక చక్రం పట్టే సందు నూట ముప్ఫై. అంటే బ్రేకులు గట్టిగా పడాలంటే చట్రం మార్చాలి. చట్రం మారిస్తే అది వేరే సైకిలు. సైకిలు బాగుపడాలంటే ఆ సైకిలు ఉండకూడదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

"స్టీల్ కదా నాన్నా. కొంచెం పుల్ చేస్తే ఓపెన్ అవుతుంది," అంది నైనిక.

"అట్ల చేతులతోని గుంజితే ఎట్లనే? స్ట్రెస్ అనాలిసిస్ చెయ్యాలె," అన్నాడు దామోదర్.

అనాలిసిస్ అయిదు నెలలు పట్టింది. ఈలోగా మంచు పడింది, కరిగింది, మళ్లీ పడింది. చివరికి దామోదర్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని చట్రాన్ని చేతులతోనే లాగాం. అయిదు మిల్లీమీటర్లు వచ్చింది. కాఫీ ఇంకా వేడిగానే ఉంది. నాకు మాత్రం ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరినో తేల్చుకోలేక ఊరుకున్నాను.

మినిట్స్‌లో "సభ్యులు కానివారి ప్రశ్నలు" అని ఒక శీర్షిక ఉండేది. దాని కింద ప్రతి శనివారం ఒకటే ప్రశ్న. "నాన్నా, ఈ వీక్ వెళ్దామా?" జవాబు: "పరిశీలనలో ఉంది." మొదటి ఏడాదిలో ఆ ప్రశ్న నలభై ఒక్కసార్లు నమోదైంది. రెండో ఏడాదిలో తొమ్మిది. ఆ తరువాత లేదు. అపరిష్కృత ప్రశ్నలు సున్నాకి చేరినందుకు రాజారావు గారు కమిటీని అభినందించారు.

ఇంకొక్క వివాదం రికార్డు చేయాలి. గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్లే తలుపు గుమ్మం మీద పెన్సిలు గీతలున్నాయి. రాధారాణి గారు అప్పుడప్పుడూ కూతుర్ని అక్కడ నిలబెట్టి, తల మీద స్కేలు ఆనించి, గీత గీసి తేదీ వేసేవారు. ఆ గుమ్మానికే మేకు కొట్టి దామోదర్ తన కొలతల పనిముట్లు తగిలించుకున్నాడు. అధికారిక కొలతల ప్రాంతంలో అనధికారిక గీతలు ఉండరాదని రాజారావు గారు అభ్యంతరం తెలిపారు. ఆ వారం కాఫీ రాలేదు. అభ్యంతరం వెనక్కి తీసుకోవడమైనది.

ఎట్టకేలకు రెండో ఏడాది నిండి, మే నెలలో ఒక శనివారం సైకిలు పూర్తయింది. అబద్ధం ఎందుకు, చూడముచ్చటగా ఉంది. గేర్లు వేస్తే చప్పుడు లేదు. చక్రం తిప్పి వదిలితే ఆగదు. దామోదర్ మెత్తటి గుడ్డతో దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు. అప్పటిదాకా చూసిన నూట పధ్నాలుగు పొంతనలకు నూట పధ్నాలుగూ పాస్. జాబితాలో చివరిది ఒక్కటే మిగిలింది: నడిపేవారితో పొంతన. దాన్ని ఫార్మాలిటీ కింద చివర పెట్టాం.

"నైనికా, రా బిడ్డా! అయిపోయింది!" అని కేకేశాడు దామోదర్. అంత సంతోషంగా అతని గొంతు నేనెప్పుడూ వినలేదు.

తల్లిని వెంటబెట్టుకుని నైనిక వచ్చింది. గుమ్మం దాటుతూ, మేకుకి వేలాడుతున్న పనిముట్లు తలకి తగలకుండా పక్కకి వంగింది. సైకిలెక్కి డ్రైవ్‌వేలో ఒక చుట్టు తిరిగింది. ప్రతి తొక్కుకీ మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి.

"సీటు పైకి లేపండి," అన్నారు రాజారావు గారు.

"గొట్టం మీది ఆఖరి గీత దాకా లేపే ఉన్నదండి. అది దాటితే గొట్టం విరుగుతది," అన్నాడు దామోదర్. ఆ గీత దాటకూడదన్నది కూడా మా నియమమే.

నైనిక రెండో చుట్టు తిరగలేదు. మా ముందుకొచ్చి ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, "నాన్నా, బ్రేక్స్ ఆర్ రియల్లీ గుడ్," అంది. పాపం, మంచి పిల్ల. దామోదర్ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. నేను లాప్‌టాప్ మూసేశాను. మినిట్స్‌లో ఆ సంగతి రాయలేదు.

రాజారావు గారు మాత్రం జేబులోంచి పెన్ను తీశారు. ఏ భాగమైనా కుదరకపోతే నింపవలసిన ఫారం ఒకటుంది. ఖాళీ ఫారాన్ని చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. పైకి చదువుతూ నింపారు. "కుదరని భాగం: నైనిక. లోపం: సైజు ఎక్కువ. సప్లయర్: దామోదర్, రాధారాణి. దిద్దుబాటు చర్య: సప్లయర్ పది పని దినాలలో తెలుపవలెను." ఇక ఒక గడి మిగిలింది. "లోపం ఎప్పట్నించి ఉంది? ఇది తెలియకుండా ఫారం క్లోజ్ చేయలేమమ్మా."

"ఇలా ఇవ్వండి," అని రాధారాణి గారు ఆ కాగితాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని నావైపు తిరిగారు. "ఈ సైకిలు ఎంత ఎత్తు మనిషికి అన్నయ్యగారూ?"

మొదటి రోజే రాసుకున్నాను. "అయిదడుగుల వరకండీ."

ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్లి, మేకుకున్న పనిముట్లను పక్కకి నెట్టి, గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి వచ్చారు. ఒకచోట ఆగారు. "అయిదడుగులు దాటింది పోయిన ఏడాది ఆగస్టు పదహారున. శనివారం. మీరు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. కొంచెం జరగండి, పిల్ల ఎత్తు చూడాలి అంటే, జరిగారు కూడా."

దామోదర్ తలెత్తకుండానే నన్ను అడిగాడు. "ఆ రోజు మనం ఏం చేస్తున్నం దివాకర్?"

కార్యదర్శిని కదా, చెప్పక తప్పదు. లాప్‌టాప్ తెరిచి, ఆ తేదీ వెతికి, అక్కడున్నది ఉన్నట్టు చదివాను.

"ఆగస్టు పదహారు. హాజరు: ముగ్గురూ. అయిదో సీటు గొట్టం ఉండవలసిన దానికన్నా పాయింట్ రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నందున తిప్పి పంపడమైనది. ఎంత చిన్న తేడా అయినా ఈ కమిటీ కళ్లు కప్పలేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."