కాశీలో వదిలిన కాకర

చొప్పదండి సదానందానికి షుగరు వచ్చిన రోజే పేరులోని ఆనందం ఎగిరిపోయి, సదా ఒక్కటే మిగిలింది. సదా కాకరకాయ! పొద్దున కాకర రసం, పగలు కాకర వేపుడు, రాత్రికి కాకర పులుసు. చాయలో కూడా భార్య సక్కుబాయి ఏదో పొడి కలుపుతోందని ఆయనకు అనుమానం.

"నన్ను కాకరతీగను జేసినవ్ గదనే!" అన్నాడొకరోజు పళ్లెం ముందు కూలబడి.

"తీగవైతేనేం, పందిరిని నేనున్న. తిను."

సక్కుబాయిది ఆదిలాబాద్. ఆమె మాటకు ఎదురుమాట అప్పటికప్పుడు దొరకదు. మర్నాడెప్పుడో తడుతుంది. అప్పటికి ఇంకో కాకరకాయ తయారుగా ఉంటుంది.

శ్రావణంలో ఒకనాడు సదానందం కాలిపోయిన బోరు మోటరు పట్టుకొని పెద్దపల్లి పోయాడు. మెకానిక్ సాయంత్రం రమ్మన్నాడు. పొద్దుపోక రైల్వే స్టేషన్లో కూర్చుంటే, పక్క బెంచీ మీద ఒక ముసలమ్మ కోడలు పెట్టబోయిన వంకాయ కూరను చేత్తో ఆపింది.

"నేను కాశీల వంకాయ ఇడిసిన బిడ్డా. ఇగ బతికినన్ని దినాలు ముట్టద్దు."

సదానందం బుర్రలో బల్బు వెలిగింది. కాశీకి పోయినవాళ్లు ఒక కాయో పండో వదిలేసి వస్తారని ఆయనకూ తెలుసు. వదిలినదాన్ని మళ్లీ ఎవరూ పెట్టరు, సక్కుబాయి సైతం పెట్టదు! అంతలో కాశీ వైపు పోయే రైలు వచ్చి ఎదురుగా ఆగింది. ఆయన టికెట్ కొని ఎక్కేశాడు. వెంట ఉన్న సామాను ఒక్క టిఫిన్ డబ్బా. అందులోనూ కాకర వేపుడే.

మంచిర్యాల దాటాక ఫోను చేశాడు. "సక్కూ, నేను కాశీకి పోతున్ననే."

"అగబాయి! మోటరేది?"

"మోటరు మెకానిక్ కాడ ఉన్నది. నేను దేవుని కాడికి పోతున్న."

"ఒక్కనివేనా?"

కాశీకి పోదామని సక్కుబాయి ఎన్నేళ్లుగానో అడుగుతోంది. పత్తి అమ్మినంక పోదామని ఈయన ఏటా అంటున్నాడు. పత్తి ఏటా అమ్ముడుపోతోంది, మాట మాత్రం అలాగే ఉంది.

"విశ్వనాథుడు నన్నొక్కన్నే పిలిచిండే. నేనేం జేయాలె?"

"షుగరు గోళీలు పట్టుకపోయినవా? యాడన్న దిగి కొనుక్కో. యాళ్లకు తిను" అని ఆమె ఫోను పెట్టేసింది. సదానందానికి నిజంగా సిగ్గేసింది. వెనక్కి పోదామనుకున్నాడు కూడా. కాని డబ్బా మూత తీయగానే ఆ వాసనకు మనసు మళ్లీ గట్టిపడింది.

కాశీలో గంగ ఒడ్డున ఒక తెలుగు పంతులు దొరికాడు.

"అమ్మగారు రాలేదా?"

"మోకాళ్ల నొప్పులు పంతులూ. లేవలేకపోతుంది." నోటికొచ్చింది అనేశాడు.

"అయ్యో పాపం. సరే, మీకు బాగా ఇష్టమైన కాయ పేరు చెప్పి వదిలేయండి."

"కాకర!" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. సక్కుబాయి తెలివి గుర్తొచ్చి, సందు దొరకకుండా గట్టిగా బిగించాడు. "రసం, పొడి, వరుగు, ఏదీ వద్దు. పేరుల కాకర అన్న మాటున్నదేదైనా ఇడిసిన!"

"దీపావళికి కాకరపువ్వొత్తులు కూడానా?" పంతులు నవ్వాడు.

"అవి గూడ!" అని సదానందం మూడు మునకలు వేశాడు. లేచేసరికి ఒళ్లు దూదిలా తేలికైంది.

ఇంటికి వచ్చేసరికి వాన పడుతోంది. సక్కుబాయి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన ప్రసాదం కవరు ఆమె చేతిలో పెట్టి, కాకర వదిలిన సంగతి గొప్పగా చెప్పాడు. ఆమె కోప్పడలేదు. "మంచి పని జేసినవ్" అంది మెత్తగా. అప్పుడే ఆయన భయపడవలసింది.

లోపలి నుంచి కమ్మటి వాసన వచ్చింది. బామ్మర్ది హనుమండ్లు ఆదిలాబాద్ నుంచి సంచి నిండా తెచ్చిన బోడకాకర! చేదు అన్నది లేకుండా, అడవిలో వానలకు మాత్రమే కాసే బోడకాకర. దానికోసం సదానందం ఏడాదంతా ఎదురుచూస్తాడు.

హనుమండ్ల పళ్లెంలో బోడకాకర వేపుడు పడింది. సదానందం పళ్లెంలో పప్పు పడింది.

"నాకేదే?"

"బోడకాకర. పేరుల ఏమున్నది?"

"అది గీ కాకర కాదే! నేను ఇడిసింది చేదుది!"

"గట్లనా? పంతులునే అడుగుదాం." ప్రసాదం కవరు మీద ఉన్న పంతులు నంబరుకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"పేరులో కాకర ఉన్నది ఏదైనా అని వారే అన్నారమ్మా. అవునూ, మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?"

హనుమండ్లకు పొలమారింది. సక్కుబాయి మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. "నొప్పుల్లేవు పంతులుగారూ, పొలం మొత్తం నేనే కలుపు తీస్తున్న. భార్య లేకుంట ఇడిసింది చెల్లుతదా?"

"వచ్చి ఇద్దరూ కలిసి మళ్లీ సంకల్పం చెప్పుకోండి. అప్పుడు మార్చుకోవచ్చు."

ఫోను పెట్టి సక్కుబాయి తాపీగా అడిగింది. "పత్తి అమ్మినంక పోదామా?"

"పత్తి అమ్మేదాక బోడకాకర ఉంటదానే? వచ్చే వారమే పోదాం! బామ్మర్దీ, జర టికెట్లు చూడు. ఇద్దరికి!"

సక్కుబాయి ముఖం విప్పారింది. ఎన్నేళ్ల కోరికో అది. ఆ ముఖం చూసి, ఈ పని ఎప్పుడో చేయాల్సిందని సదానందానికి అనిపించింది.

"ఈసారి ఏమిడుస్తవ్?"

"ఒక్కన్నే పోవుడు ఇడుస్త" అన్నాడు తలొంచుకొని.

ఆమె నవ్వుతూ లోపలికి పోయి గ్లాసుతో వచ్చింది. ఆయన అనుమానంగా వాసన చూశాడు.

"ఏందే ఇది?"

"మెంతుల నీళ్లు. దీని పేరుల కాకర అన్న మాట లేదు. తాగు."