వీపు చూసి ఇచ్చే సభ్యత్వం

ఒక పెద్ద అడవిలో, వెలుగురాయి రక్షణ సంఘం ఆఫీసు బయట, ఇంటర్వ్యూ కోసం కొమ్మ మీద కూర్చున్న వల్లిక అనే బెట్టుడుతకి, అంటే పెద్ద అడవి ఉడుతకి, గుండెలో మొదటిసారి కలుక్కుమన్నది సరిగ్గా ఎప్పుడంటే, లోపల్నుంచి ఈ మాట వినపడినప్పుడు:

"చదువు సంగతి తర్వాత చూద్దాం. ముందు అటు తిరుగు నాయనా, వీపు చూడాలి."

వీపెందుకబ్బా అనుకుని వల్లిక తన తోక వంక చూసుకుంది. ఎర్రగా, కుచ్చులా, వాళ్ళమ్మ పొద్దున్నే దువ్వి పంపిన తోక.

ఆ అడవిలో వాగుకి పోయే దారి పక్క గుంటలో ఒక రాయి ఉంది. చీకట్లో పచ్చగా వెలుగుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని పక్కన కూర్చుంటే కొన్నాళ్ళకి వెంట్రుకలు రాలిపోతాయి, నీరసం పట్టుకుంటుంది. అందుకే పెద్దలు సంఘం పెట్టారు. రాయికి ఎంత దూరంలో ఉండాలి, ఎంతసేపు ఉండొచ్చు, దేని చాటున నక్కాలి అని అందరికీ నేర్పడం సంఘం పని. వల్లిక ఆ చదువే చదివింది. ఇప్పుడు వాగు దారిలో కాపలా ఉద్యోగం ఖాళీగా ఉంది. సంఘంలో పూర్తి సభ్యత్వం ఉంటేనే ఇస్తారు.

పిలుపొచ్చింది. లోపల అధ్యక్షుడు ఎలుగుబంటి జాంబయ్య గారు కూర్చుని ఉన్నారు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. ఉడకబెట్టి తొక్క తీసిన చిలగడదుంపలా ఉన్నారు. పక్కన కార్యదర్శి రాబందు గరుడాచలం గారు.

"ఏదమ్మా నీ అనుభవం?" అన్నారు జాంబయ్య గారు.

"మూడు వానాకాలాలు రాయి దగ్గరే పనిచేశానండీ."

"చేస్తే ఆ తోకేంటి, పెళ్ళికొచ్చినట్టు అంత నిగనిగలాడుతోంది?"

"దూరంగా నిలబడ్డానండీ. పని అవగానే వచ్చేశాను. ఉన్నంతసేపూ బండ చాటునే ఉన్నాను. అంతా మీ పుస్తకంలో రాసిందే."

"పుస్తకం పరీక్షకమ్మా. సభ్యత్వానికి కాదు."

గరుడాచలం గొంతు సవరించుకున్నాడు. "అరచెయ్యంత బోడి ఉంటే అనుబంధ సభ్యులు. సగం వీపు ఊడితే పూర్తి సభ్యులు. అధ్యక్షుల వారిలా అయితే మహాసభ్యులు. నీలాంటి వాళ్ళు విద్యార్థి సభ్యులు. మీటింగుల్లో టీలు అందించొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు."

"మరి మీరెన్నాళ్ళు చేశారండీ రాయి దగ్గర?"

"నేనా? అదెటువైపుందో కూడా నాకు తెలీదు. నేను గుడ్డులోంచి బోడి తల బయటపెట్టగానే మా నాన్న చూసి, వీడు మహాసభ్యుడవుతాడు అన్నాడు. అయ్యాను."

వల్లిక ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైందే?"

"బొచ్చు ఎక్కువుందన్నారమ్మా."

"నేను చెప్తే విన్నావా? ఎదురు చెట్టు వాళ్ళ పిల్ల చూడు, నీకంటే చిన్నది, అప్పుడే సగం వీపు ఊడింది. వాళ్ళమ్మ నా ముందు ఎంత మురిసిపోతోందో!" ఆ తర్వాత మెల్లిగా అంది. "ముంగిస మాస్టారి దగ్గర చేరొచ్చుగా, అమ్మడూ."

ముంగిస మాస్టారు రాయి గుంట పక్కనే కోచింగ్ సెంటరు పెట్టాడు. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ ఉన్నాయి. రాయికి వీపు ఆనించి కూర్చోవడమే మొత్తం సిలబస్. వల్లిక వెళ్ళేసరికి గుంట చుట్టూ పిల్ల కుందేళ్ళు, పిల్ల దుప్పులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక కుందేలమ్మ కొడుకుని ముందుకి తోస్తోంది. "ఒక్క వేసవి ఓర్చుకోరా నాన్నా, జీవితాంతం సెటిలైపోతావు."

"వాంతి వస్తోందమ్మా."

"వస్తే మంచిదట్రా. మాస్టారు చెప్పారు, ఎక్కుతోందన్నమాట."

మాస్టారు వల్లికకి జాగా చూపించాడు. వల్లిక తోక రాయి దాకా చాపింది. ఉద్యోగం గుర్తొచ్చింది. అమ్మ మొహం గుర్తొచ్చింది. ఆ కుందేలు పిల్ల పాలిపోయిన మూతి కళ్ళెదుటే కనపడుతోంది. తోక గబుక్కున లాక్కుని, "రేపొస్తాను మాస్టారూ" అని ఒకటే పరుగు.

చలికాలం వచ్చింది. సంఘంలో ఎన్నడూ లేనంతమంది సభ్యులు, అందరూ గజగజ వణుకుతున్నారు. వార్షికోత్సవంలో అధ్యక్షుల వారి ఉపన్యాసం పళ్ళు టకటకలాడే చప్పుడులో ఎవరికీ వినపడలేదు. వల్లిక టీలు అందిస్తోంది.

అప్పుడొచ్చింది పులి దొరసాని. వెనకాలే రెండు కూనలు.

"వాగు దాకా నా పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఒక్క వెంట్రుక రాలకుండా ఆ రాయిని దాటించేదెవరు? మీలో రాయి పక్కన పనిచేసి కూడా ఏమీ కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

సభంతా అధ్యక్షుల వారి వంక చూసింది. చివరికి జాంబయ్య గారే లేచారు. "అమ్మా, ఏమీ కాకుండా ఉండటం మా నిబంధనల్లో లేదు."

దొరసాని చూపు టీ పళ్ళెం దగ్గర ఆగింది. దాని వెనక, కుచ్చు తోక.

"నువ్వు రా పిల్లా."

వల్లిక టీ పళ్ళెం కింద పెట్టింది. బండ చాటు నుంచి కూనల్ని నడిపించింది. "అటు చూడొద్దు, ఆగొద్దు, ఆటలు తర్వాత" అంటూ గుంట దాటించేసింది. కూనలు నీళ్ళు తాగి, అదే దారిన గెంతుకుంటూ తిరిగొచ్చాయి.

"కాపలా ఉద్యోగం ఈ పిల్లకివ్వండి" అంది దొరసాని.

"పూర్తి సభ్యురాలు కాదండీ," అన్నాడు గరుడాచలం. "రూలు ఒప్పుకోదు."

"అయితే సభ్యురాల్ని చెయ్యండి" అని దొరసాని వెళ్ళిపోయింది.

"రూలు మార్చేస్తే సరిపోతుంది కదండీ?" అంది వల్లిక.

జాంబయ్య గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వీపు చూడకుండా సభ్యత్వం ఇస్తే, తల్లీ, మా అందరి వీపులూ ఎందుకు ఊడినట్టు?"

గరుడాచలమే ఉపాయం చెప్పాడు. "గౌరవ మహాసభ్యత్వం ఇచ్చేద్దాం! రాయి దగ్గరికి వెళ్ళక్కర్లేదు. సన్మానం రోజు క్షవరాలు చేసే మన పీత వచ్చి తోకతో సహా ఒంటి మీద వెంట్రుకలన్నీ నున్నగా కత్తిరించేస్తుంది. పైన శాలువా కప్పుతాం. చలి కూడా వెయ్యదు."

సభ చప్పట్లతో మార్మోగిపోయింది. వల్లిక వాళ్ళమ్మయితే శాలువా ఏ రంగుదో అప్పుడే కనుక్కుంటోంది.

సన్మానం రేపే. వల్లికకి కంటి మీద కునుకు లేదు. ఒప్పుకుంటే ఉద్యోగం వస్తుంది, రూలు లోపల్నుంచి మార్చొచ్చు, వెంట్రుకలు మళ్ళీ మొలుస్తాయి. కానీ రేపు తన బోడి తోక చూసి ఆ కుందేలమ్మ కొడుకుతో ఏమంటుంది? "చూశావా, వల్లికక్క కూడా చివరికి ఊడగొట్టుకుంది. ఇంకాస్త ఆనుకో." ఒప్పుకోకపోతే ఉద్యోగం మహాసభ్యుడన్న పేరుతో గరుడాచలానికి పోతుంది. దారి కాపలాకి వెళ్ళి రాయి ఎక్కడుందో దారినపోయేవాళ్ళనే అడుగుతాడు.

"మీరే చెప్పండి," అని అడుగుతోంది వల్లిక, ఇది చదువుతున్న మిమ్మల్నే. "పీత తెల్లారగానే వచ్చేస్తుంది. తోక ఇవ్వనా, మాననా?"

నీతి: ప్రమాదాన్ని తప్పించుకున్నవాడికి తెలివుందని ఎప్పుడూ ఒప్పుకోకండి, అందులో పడ్డవాళ్ళ పదవులు పోతాయి.