దిద్దినకొద్దీ చరిత్ర

ఆ ఉదయం ఆఫీసులో కొత్తమ్మాయి వేసుకున్న పథకం చిన్నదే: ఒక్క వాక్యం మార్చడం, ఆ తర్వాత నిమ్మళంగా కాఫీ తాగడం. మధ్యాహ్నం పెద్దాయన ఆమె పని చూసి, ఉద్యోగంలో ఉంచాలో పంపాలో తేలుస్తారు. ప్రోగ్రాంలో చేసిన ప్రతి మార్పు పక్కనా ఎందుకు చేశారో ఒక వాక్యం రాయాలన్నది ఆ ఆఫీసు నియమం. ఆ వాక్యాల చిట్టానే అక్కడ చరిత్ర అంటారు. కిందటి వారం ఒళ్లు మండి ఆమె రాసిన వాక్యం ఇది: "పెద్దాయన పైత్యం. బటన్ మళ్లీ ఎడమవైపుకి."

వెనక్కి వెళ్లి చరిత్రను తిరగరాసే ఆదేశం ఒకటుంది. దానితో ఆమె "పెద్దాయన సూచన మేరకు" అని దిద్ది, అందరూ వాడే సర్వర్‌లో పాతదాని మీద బలవంతంగా ఎక్కించింది. పీడా పోయిందనుకుంది. ఆ పాత చరిత్ర ప్రతివాళ్ల కంప్యూటర్‌లోనూ పూర్తిగా ఉంటుందన్న సంగతి కంగారులో మరిచింది.

కాసేపటికి ఎదురుసీటు అక్క తన పని పంపబోతే సర్వర్ మొరాయించింది.

"ఏంటే ఇది, నా కాపీకీ సర్వర్‌కీ పొత్తు కుదరట్లేదు? సర్లే, రెండూ కలిపేశా."

"అయ్యో అక్కా! కలిపేశావా?"

"కలపక, కాపురాలు విడగొట్టమంటావా?"

ఇప్పుడు సర్వర్‌లో పైత్యమూ సూచనా తోడికోడళ్లలా పక్కపక్కనే కూర్చున్నాయి. కొత్తమ్మాయి పళ్లు కొరుక్కుని రెండూ తీసేసి, ఈసారి మర్యాద పెంచి "పెద్దాయన దూరదృష్టి మేరకు" అని రాసింది. అక్క కాళ్లావేళ్లా పడి, ఆమె చేత కొత్త కాపీ తెప్పించింది. కానీ అక్క కలిపినదాన్ని అప్పటికే తెచ్చుకున్నవాడు ఇంకొకడున్నాడు: మూలసీటులోని సీనియర్, అందరికీ తాతయ్య.

"తాతయ్యా, ఏం నొక్కారు?"

"నాకేం తెలుసమ్మా? కంప్యూటర్ కలపమంటావా అంది. ఊఁ అన్నాను. నా పెళ్లీ అలాగే అయింది."

మధ్యాహ్నం అయింది, ఇక దిద్దే వ్యవధి లేదు. పెద్దాయన గదిలో తెర మీద, తాతయ్య కలిపి ఎక్కించిన మూడు వాక్యాలూ వరసగా వెలిగాయి. మూడింటి పక్కనా ఆమె పేరే.

"పైత్యం అన్నావు, సరే. మా ఇంట్లోనూ అదే మాట," అన్నారాయన కళ్లజోడు సర్దుకుంటూ. "ఈ దూరదృష్టి ఏంటమ్మా? వెటకారమా?"

"లేదు సార్... అది మర్యాద."

"తిడితే పడతాను. ఎత్తిపొడుపు మాత్రం నాకు గిట్టదు. మొదటిది ఉంచి, తక్కిన రెండూ తీసెయ్. అది అయ్యాకే వచ్చి ఉద్యోగం కాగితం తీసుకో."

చరిత్రలోంచి మర్యాదను పూర్తిగా తొలగించేసరికి ఆమెకు సాయంత్రమైంది.